పేరు కొట్టిన దీపం

తెనాలి పాత్రల బజారు చివర, తాళం పెట్టిన తన కొట్టు ముందు రత్తాలు కొడవలి పట్టుకుని నిలబడింది. ఏడు నెలలుగా తలుపు తియ్యని గడప దగ్గర తుమ్మి మొక్కలు మోకాలెత్తు లేచి తెల్లగా పూశాయి. మెట్ల పగుళ్ళలో గడ్డిచేమంతి. గోడ వారనున్న పల్లేరు తీగ పచ్చటి పూలతో తలుపు దాకా పాకింది. ఫాల్గుణమాసం కదా, ఊరవతల కాలవగట్టు మీద పూసేవన్నీ ఇక్కడా పూశాయి. దారినపోయేవాళ్ళకి అది ముచ్చటగానే ఉండి ఉంటుంది. రత్తాలుకి మాత్రం ఒళ్ళు మండింది. తను జైల్లో ఉన్నప్పుడు తన గుమ్మంలో ఇంత కులాసాగా బతకమని వీటికెవరు చెప్పారు?

వంగి మొదలంటా కోసెయ్యడం మొదలుపెట్టింది.

ఎదురుగా వెంకటప్పయ్య స్టీలు కొట్టు అరుగు మీద అప్పటిదాకా టిక్కు టిక్కుమంటున్న సుత్తి ఆగిపోయింది. రత్తాలు తలెత్తి చూడలేదు. చూడక్కర్లేదు కూడా. పాత్రల మీద పేర్లు కొట్టే అంద్రెయ ఇరవై ఏళ్ళుగా ఆ అరుగు మీదే కూర్చుంటాడు. ఒళ్ళో గోనెపట్టా, ఎడమచేతిలో సన్నటి ఉలి, కుడిచేతిలో బొమ్మ సుత్తిలాంటి చిన్న సుత్తి. కాయితం మీద రాసిచ్చిన పేరు చూసుకుంటూ చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోతాడు. అక్షరాలు ఆవగింజలు పేర్చినట్టు వస్తాయి. పెళ్ళికి బిందె కొన్నా, నోముకి పళ్ళెం కొన్నా, అంద్రెయ చేత పేరు కొట్టిస్తేగాని చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకి ఆ సామాను తమదనిపించదు.

తలుపు తీస్తే గబ్బిలాల కంపు కొట్టింది. పోలీసులు పనికిరావని వదిలేసినవన్నీ మూలన పడి ఉన్నాయి. రెండు మరచెంబులు, కాలు విరిగిన దీపపు సెమ్మె, ఒక తమలపాకుల పెట్టె, నాలుగు సున్నపుకాయలు, గంధపు గిన్నె. రత్తాలు వాటిని మెట్టు మీదికి తెచ్చుకుని, నానేసిన చింతపండూ బూడిదా దగ్గర పెట్టుకుని కూర్చుంది. మరచెంబు ఒళ్ళో పెట్టుకుని గోటితో ఒకసారి మీటింది. పాత ఇత్తడి గంట మోగినట్టు సాగుతుంది, కొత్తది తట్టినచోటే ఆగిపోతుంది. ఈ చెంబు సాగింది. మెడ దగ్గర వేళ్ళు పట్టుకునే చోట ముత్తాతల నాటినుంచి అరిగి నున్నగా ఉంది. ఆ అరుగుదల పోకుండా, చిలుము మాత్రం పోయేట్టు తోమడంలోనే ఉంది పనంతా.

వెంకటప్పయ్య పంచె ఎగ్గట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. "ఏంటి రత్తాలూ, మళ్ళీ మొదలెట్టావా?"

"మొదలెట్టకపోతే ఎట్టా బతకను అన్నాయ్?"

"బతకొద్దని కాదు. మళ్ళీ ఆ పాత సామానేనా? దొంగసొత్తు కొన్నావని ఒకసారి పడ్డాక ఇళ్ళల్లోకి ఎవరు రానిస్తారు? ఆ ప్లీడరు గారు అడిగిన్నాడే ఆ గొలుసు దీపం ఇచ్చేసుంటే పోయేది. పాత సామాను కొనే మద్రాసు చెట్టిగారికి మాటిచ్చానని వేంకటసుబ్రహ్మణ్యం గారంతటి మనిషితో అంటారా ఎవరైనా?"

"మాటిచ్చా కాబట్టి అన్నా."

"ఏం సుఖం? రెండో రోజుకి పోలీసులొచ్చి దీపం పట్టుకుపోయారు. మూడో రోజుకి దాని అడుగున ఆయన పేరు కనపడింది."

"కనపడలా. కొట్టారు," అంది రత్తాలు, ఎదుటి అరుగుకి వినపడేట్టు.

వెంకటప్పయ్య ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. మంచివాడే, కానీ పిరికివాడు. "రేపు నువ్వే చూస్తావుగా, ముందే చెపుతున్నా. ఆయనకి అరవై నిండుతున్నాయి. ఉగాదికి ముందొచ్చే ఆదివారం బాపట్లలో షష్టిపూర్తి. వచ్చినవాళ్ళందరికీ తాంబూలంతో పాటు స్టీలు గ్లాసు పెడతారట. మూడొందల గ్లాసులు. బేరం నాకొచ్చింది. పేర్లు మాత్రం అంద్రెయే కొట్టాలన్నారు."

రత్తాలు తోముతున్న చెయ్యి ఆగింది. "అవును మరి. ఆ పేరు కొట్టడం అతనికి అలవాటేగా," అంది.

అరుగు మీద సుత్తి మళ్ళీ మొదలైంది. చుక్క చుక్కకీ మధ్య ఎడం సరిగ్గా పడటం లేదని ఆ చప్పుడును బట్టే తెలిసిపోతోంది.

*

మర్నాడు రేపల్లె బండెక్కింది. తల మీద స్టీలు గిన్నెల గంప, చేతిలో ఖాళీ గోనెసంచి. ఉగాది ముందు పదిహేను రోజులూ ఈ యాపారానికి పంటకాలం. వెల్లవేసేందుకు ఇళ్ళు దులుపుతారు, అటకల మీది సామాను కిందికి దిగుతుంది. సొట్టపోయిన గంగాళాలూ, మోత బరువు చెంబులూ చూసి ఆడవాళ్ళు విసుక్కుంటారు. తళతళలాడే స్టీలు గిన్నె ఒకటి ముందు పెడితే చాలు, తాతమ్మ నాటి ఇత్తడి గడప దాటుతుంది. మిగతా గంపలవాళ్ళు ఆ ఇత్తడిని కరిగించేవాళ్ళకి తోలేస్తారు. అందులో పనితనం ఉన్నదేదో చూసి ఏరుకోగల కన్ను తెనాలిలో రత్తాలుకే ఉంది.

దీనికొక కట్టుబాటుంది. ఇదంతా మిట్టమధ్యాహ్నం, మగవాళ్ళు ఇంట లేనప్పుడు, పెరటి గుమ్మంలో ఆడవాళ్ళ మధ్య జరిగేది. ఏ సామాను ఏ ఇంట్లోంచి వచ్చిందో కొన్నది ఎక్కడా చెప్పకూడదు. చెపితే ఆ ఇల్లాలి బతుకు మొగుడి నోట్లోనూ అత్తగారి నోట్లోనూ నానుతుంది. అందుకే టేషన్లో "ఆ దీపం ఏ ఇంట్లో కొన్నావు?" అని ఎన్నిసార్లు అడిగినా, కోర్టులో ఎంత గద్దించినా రత్తాలు నోరు విప్పలేదు. చెప్పి ఉంటే ఆ క్షణాన బయటపడేది. చెప్పలేదు, ఏడు నెలలు జైల్లో ఉంది.

కాలవగట్టు వెంట నడిచింది. వరి కోతలైపోయి, మినుము పీకేసి చేలన్నీ ఖాళీగా ఉన్నాయి. గట్టు మాత్రం నిండుగా ఉంది. తుమ్మి, తంగేడు, ముళ్ళ మధ్య ఊదారంగు నేలవాకుడు, నీటి వారగా ఏవో పేరు తెలియని తెల్లటి పూలు. వీటి మధ్యనుంచి ఇదే కాలంలో పాటలు పాడుకుంటూ నడిచిన రోజులున్నాయి. ఇప్పుడు వాటివైపు చూడబుద్ధి కాలేదు.

మొదటి ఇంటి పెరట్లో ఒకావిడ గంప చూసి నవ్వింది, మనిషిని చూసి నవ్వు ఆపేసింది. "ఇప్పుడేం లేదులే," అంటూనే పక్కనున్న గంగాళాన్ని కాలితో లోపలికి నెట్టింది. రెండో ఇంట్లో, "నీ దగ్గరైతే వద్దమ్మా, మా ఆయన ఒప్పుకోడు," అన్నారు. ఆయన ఒప్పుకుని ఇత్తడి ఇచ్చిన ఇల్లు ఈ జిల్లాలో ఒక్కటన్నా ఉందా? మూడో ఇంటివాళ్ళు ఉతికిన చీర పక్కనే ఆరుతుంటే దాన్ని తీసి లోపల పెట్టుకున్నారు. రత్తాలుకి తల కొట్టేసినట్టయింది.

ఆరో ఇల్లు తులసమ్మది. ఆ దీపం ఇచ్చింది ఆవిడే. గొలుసు చివర హంసా, చుట్టూ అయిదు వత్తుల చోటూ ఉన్న ఆ దీపాన్ని రెండు స్టీలు డబ్బాలకూ ఒక పళ్ళేనికీ తన చేతుల్తో తనే తెచ్చి ఇచ్చింది. ఆ చేతులే ఇప్పుడు పెరట్లో వేపచెట్టు కింద మినుములు చెరుగుతున్నాయి. రత్తాలుని చూడగానే చాట ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ ఇంటి పేరు తన పెదవి మీదికి రానివ్వని మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ఒక్క మాట, కూచోమనో, మంచినీళ్ళు తాగమనో అంటుందేమోనని రత్తాలు ఎదురుచూసింది.

తులసమ్మ చాట కింద పెట్టింది, లేచింది, లోపలికి వెళ్ళి తలుపు గడియ వేసుకుంది.

గంప దించకుండానే రత్తాలు వెనక్కి తిరిగింది. ఏడవాలనిపించలేదు. పళ్ళు నూరుకుంటూ నడిచింది. ఈ తలుపులన్నీ మూసింది ఆ ప్లీడరు. మూయడానికి మేకు కొట్టింది అంద్రెయ. వాళ్ళిద్దరినీ నలుగురిలో నిలబెట్టి కడగకపోతే తను మనిషే కాదు. స్టేషను చేరేసరికి చీర కుచ్చెళ్ళ నిండా పల్లేరు ముళ్ళు గుచ్చుకుని ఉన్నాయి. బెంచీ మీద కూర్చుని ఒక్కొక్కటే పీకి విసిరేసింది.

*

తర్వాతి రోజు పొద్దున్నే మరచెంబు తీసుకుని రోడ్డు దాటింది. అంద్రెయ ముందు గోనెపట్టా మీద పెట్టింది.

"రత్తాలు అని కొట్టు."

అంద్రెయ తలెత్తలేదు. గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. చెంబు అందుకుని ఉలి పెట్టాడు. మూడక్షరాలు. కొట్టినంతసేపూ ఆవిడ నెత్తిన నిలబడే ఉంది. అయ్యాక చెంబు తీసుకుని, చుక్కల మీద బొటనవేలు పెట్టి రాసి చూసుకుంది. ఆవిడకి చదువు రాదు. కానీ అంద్రెయ చుక్క ఆవిడ వేలికి తెలుసు. కోర్టులో దీపం చేతికిచ్చి, "దీని అడుగున పేరుందా లేదా?" అన్నప్పుడు కూడా ఇలాగే వేలుతో తడిమింది. ఎవరి చెయ్యో ఆ క్షణంలోనే తెలిసింది.

మర్నాడు తమలపాకుల పెట్టె తెచ్చింది. "రత్తాలు అని కొట్టు." ఆపై రోజు సున్నపుకాయలు, గంధపు గిన్నె. ప్రతిరోజూ అదే మాట. అతని పక్కన గడ్డి వేసిన వెదురు బుట్టల్లో ప్లీడరు గారి గ్లాసులు మెరుస్తూ ఉండేవి. ఒక్కో గ్లాసు మీద 'వేంకటసుబ్రహ్మణ్యం దంపతుల షష్టిపూర్తి' అని చుట్టూరా హారంలాగా కొడుతున్నాడు. గొప్పగా ఉందని బజారంతా మెచ్చుకుంది.

"నీకేమన్నా మతిపోయిందా?" అన్నాడు వెంకటప్పయ్య. "పాత సామాను మీద కొత్తపేరు కొట్టిస్తే మద్రాసువాళ్ళు ముట్టుకుంటారా? నీ సామాను నువ్వే చెడగొట్టుకుంటున్నావు."

"చెడితే చెడనీ అన్నాయ్. పేరు లేకపోతే ఎవడి పేరన్నా వచ్చి కూర్చుంటది."

మాట పౌరుషానికి అన్నదేగాని, ఆ రాత్రి లోపల బాధ కలిగింది. వందేళ్ళ గంధపు గిన్నె, సానరాయిలా నున్నటి అంచు. దాని ఒంటి నిండా ఇప్పుడు గుచ్చిన గుంటలు. కానీ మర్నాడు ఆ సెమ్మె కూడా తీసుకెళ్ళింది. అంద్రెయ చేతులు తన పేరు కొడుతూ వణకడం చూస్తుంటే కడుపు చల్లబడుతోంది, దాన్ని వదులుకోలేకపోయింది.

శుక్రవారం ఎండ వేళ బజారు సద్దుమణిగింది. వెంకటప్పయ్య భోజనానికి వెళ్ళాడు. రత్తాలు వచ్చి అరుగు కింద నిలబడింది. ఈసారి చేతిలో ఏమీ లేదు.

"ఎందుకు కొట్టావు?" అంది.

అంద్రెయ సుత్తి కింద పెట్టాడు. సమాధానం ఎన్నాళ్ళుగానో నోట్లోనే ఉన్నట్టుంది. "టేషన్లో కూచోబెట్టారక్కా. ప్లీడరు గారి గుమాస్తా సింగయ్య కాయితం మీద పేరు రాసిచ్చాడు. కొడితే నువ్వింటికి పో, కొట్టకపోతే నువ్వు కూడా దాంతోపాటు లోపలికే అన్నారు. బయపడ్డా."

"నేను బయపడలా? ఏ ఇల్లో చెప్పమని నన్ను తిట్టిన తిట్లు నీకు తెలుసా? చెప్పానా?"

"లేదక్కా."

"నీ పెళ్ళాం పురిట్లో మంచాన పడితే మూడు నెలలు మీ ఇంటికి కూడు పంపిందెవురు?"

"నువ్వే అక్కా."

"ఆదివారం నాతో బాపట్ల రా. ఆ పందిట్లో అందరి ముందు నిలబడి, రత్తాలు దీపం మీద పేరు కొట్టింది నేనే, కొట్టించింది ఈయనే అని చెప్పు. ఒక్క మాట. అంతే నేనడిగేది."

అంద్రెయ అరచేతుల్లోకి చూసుకున్నాడు. కళ్ళనీళ్ళు కారి గోనెపట్టా మీద పడ్డాయి. "నావల్ల కాదక్కా. అంతమంది పెద్దోళ్ళ ముందు నాకు నోరు పెగలదు. ఆయన నావంక చూస్తే చాలు, కాళ్ళల్లో సత్తవ పోద్ది. నన్ను చంపినా చెప్పలేను."

"చంపడమెందుకు? నువ్వు ఎప్పుడో చచ్చావు," అంది రత్తాలు. "నీ చేతులు పడిపోను. ఇంక నీ నీడ నా మెట్టు మీద పడనియ్యబాక."

వెళ్ళిపోయి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపల చీకట్లో కూర్చుని ఆదివారం తనొక్కతే అనాల్సిన మాటలు ఒకటొకటిగా పోగేసుకుంది. ఎదురుగా సుత్తి మళ్ళీ మొదలై, దీపాల వేళ దాటినా ఆగలేదు. వెంకటప్పయ్య లాంతరు వెలిగించి ఇవ్వడం తలుపు సందులోంచి కనపడింది. ఆ పేరంటే ఎంత భక్తో అనుకుని మొహం తిప్పుకుంది.

*

బాపట్ల స్టేషన్లో దిగేటప్పటికి ఎండ నడినెత్తికొచ్చింది. ఇసకదారి పొడుగునా జిల్లేళ్ళు ఊదాగా పూసి ఉన్నాయి. ప్లీడరు గారి ఇల్లు అడగక్కర్లేదు, మేళం వినపడుతోంది. వీధి గుమ్మంలోంచి వెళితే ఆపేస్తారు. రత్తాలు బతుకంతా పెరటి గుమ్మాల్లో గడిపిన మనిషి, తిన్నగా పెరట్లోకే వెళ్ళింది. వంటవాళ్ళ హడావుడిలో ఎవరూ పట్టించుకోలేదు. అక్కడినుంచి హాలూ, దాని ముందు పందిరీ సూటిగా కనపడుతున్నాయి.

హాలు నడిమధ్య ఆ దీపం వేలాడుతోంది. అయిదు వత్తులూ వెలుగుతున్నాయి. కొబ్బరిపీచుతో తోమి తోమి హంస ముక్కు అరగదీశారు. దాని కింద కొత్త పంచె కట్టుకుని, మెడలో దండతో వేంకటసుబ్రహ్మణ్యం, పక్కన పట్టుచీరలో భార్య కనకలక్ష్మి. భోజనాలు రెండు బంతులు అయిపోయినట్టున్నాయి. గుమాస్తా సింగయ్య బుట్టలు దించుతుంటే, ముత్తయిదువలు ఆకూ వక్కా అరటిపళ్ళూ గ్లాసులో పెట్టి వెళ్ళేవాళ్ళకి అందిస్తున్నారు. కొంతమంది అప్పటికే బస్సుల వేళైందని గ్లాసులు సంచుల్లో వేసుకుని వెళ్ళిపోతున్నారు, పొన్నూరు వైపూ చీరాల వైపూ.

రత్తాలు కొంగు బిగించింది. గొంతు సవరించుకుంది. ఇంకో క్షణంలో అరిచేదే.

పందిట్లో ఒక ముసలావిడ గ్లాసు తిరగేసింది. అందులో వింతేమీ లేదు. స్టీలు సామాను చేతికొస్తే ఆడవాళ్ళు ముందు చేసే పని అదే, అడుగు గట్టిదో కాదో వేలితో కొట్టి చూస్తారు. పైన కొట్టిన పేరు చూసి మురిసిపోయేది మగవాళ్ళు. సింగయ్య కూడా తెనాలిలో మూడొందలూ లెక్కపెట్టుకుని, పేరు చదువుకుని, సంతోషంగా బుట్టలు కట్టించుకొచ్చాడు. ఒక్కటి కూడా బోర్లించలేదు.

ముసలావిడ గ్లాసుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, పక్కావిడకిచ్చింది. పక్కావిడ చదివి నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ పక్కన ఉన్నావిడ తన గ్లాసు తిప్పింది. ఆవిడని చూసి ఇంకొకావిడ. బంతి మొదలునుంచి చివరిదాకా గ్లాసులు తలకిందులయ్యాయి, అరటిపళ్ళు ఒళ్ళోకి జారాయి. మాటలు ఆగిపోయాయి. మేళగాళ్ళు కూడా ఏం జరిగిందో తెలియక బూర దించారు.

రత్తాలుకి ఏమీ అర్థం కాలేదు. పెరటి మెట్టు మీద ఎవరో వదిలేసిన గ్లాసు తీసుకుని తిప్పింది. రూపాయి బిళ్ళంత చోటులో సన్నటి చుక్కలు. బొటనవేలు పెట్టింది, చెయ్యి ఎవరిదో తెలిసింది. ఆ చుక్కల్లో మూడక్షరాలు తన చెంబు మీద, పెట్టె మీద, గిన్నె మీద రోజూ తడిమినవే.

"ఇదేంటో చదివి పెట్టమ్మా," అంది పక్కన నీళ్ళు అందిస్తున్న పిల్లతో.

ఆ పిల్ల కూడబలుక్కుని గట్టిగా చదివింది. "దీపం రత్తాలుది. పేరు నేను కొట్టాను. అంద్రెయ."

అంతమంది నిశ్శబ్దంగా ఉన్నచోట ఆ గొంతు పందిరి చివరిదాకా వెళ్ళింది. తలలన్నీ ముందు పెరటివైపు తిరిగాయి, అక్కణ్ణుంచి హాలు మధ్యకి, దీపం మీదికి.

ప్లీడరు ఒక గ్లాసు లాక్కుని చదువుకున్నాడు. అరవయ్యేళ్ళ మొహం ఒక్కసారి ఎనభయ్యేళ్ళదయింది. "సింగయ్యా! అన్నీ వెనక్కి తీసుకో! ఒక్కటి బయటికి పోకూడదు!" అని అరిచాడు.

సింగయ్య చెయ్యి చాచాడు. ముసలావిడ గ్లాసుని కొంగులోకి దాచుకుంది. "తాంబూలంతో ఇచ్చింది వెనక్కి అడుగుతారటయ్యా ఎక్కడైనా? అదీ షష్టిపూర్తి నాడా? ఇంటికి అరిష్టం కాదూ?"

పురోహితుడు ప్లీడరువైపు చూసి అవునన్నట్టు తలూపాడు. ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వాలనుకున్నవాళ్ళు కూడా ఆ మాట విన్నాక ఇవ్వలేదు. పైగా సగం గ్లాసులు అప్పటికే బస్సెక్కేశాయి. కేసు పెట్టాలంటే ముందు తను బోనెక్కాలని ఆయనకి అందరికంటే బాగా తెలుసు.

రత్తాలు పోగేసుకొచ్చిన మాటల్లో ఒక్కటీ అనాల్సిన పని రాలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడి ఆయన మొహం వంక కడుపు నిండా చూసింది. ఆ మొహం కిందికి దిగిపోవడం, పక్కవాళ్ళు ఒకడుగు ఎడంగా జరగడం, తోటి ప్లీడర్లు కండువాలు దులుపుకుని లేవడం, అన్నీ తీరిగ్గా చూసింది. ఏడు నెలల్లో ఒక్క పూట కూడా అన్నం ఇంత రుచించలేదు. చూసి చూసి తనివి తీరాక ఒక సంగతి తట్టి చిరాకేసింది. ఈ దెబ్బ తన చేత్తో కొట్టింది కాదు. తను నువ్వెప్పుడో చచ్చావన్న మనిషి కొట్టింది.

కనకలక్ష్మి కుర్చీ తెప్పించుకుంది. వత్తులు ఒక్కొక్కటే కొండెక్కించింది. నూనె గిన్నెలోకి వంపి, గొలుసుతో సహా దీపం దించి, మొగుడు "ఏం చేస్తున్నావు?" అంటున్నా వినిపించుకోకుండా పెరట్లోకి తెచ్చింది. పట్టుచీర మీద నూనె మరకలు పడ్డాయి.

"ఇది మా పుట్టింటిదని నాతో చెప్పించారు," అంది తల వంచుకుని. "కాదని నాకు తెలుసు. తీసుకెళ్ళమ్మా."

రత్తాలు చేతులు కట్టుకుంది. "నేను మోసుకెళ్ళనమ్మా. దీన్ని ఎట్టా తెచ్చారో అట్టానే పంపించండి. పట్టపగలు, రిక్షాలో పెట్టి, తెనాలి బజారు వెంట. అప్పుడు రిక్షా వెనకాల నన్ను నడిపించారు. ఇప్పుడు మీవాళ్ళు ఎవురన్నా నడవాలి."

*

బుధవారం మధ్యాహ్నం రిక్షా వచ్చింది. సీటు మీద తుండుగుడ్డ పరిచి దీపం పెట్టారు. వెనక సింగయ్య గొడుగు కూడా లేకుండా ఎండలో నడుస్తున్నాడు. బజారంతా అరుగుల మీదికొచ్చి చూసింది. రత్తాలు కొట్టులో రేపల్లెవైపు నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళున్నారు. మూటల్లో ఇత్తడి తెచ్చుకుని వాళ్ళే బండెక్కి వచ్చారు. ఇంకొకావిడ, తులసమ్మ, నిన్న వచ్చి మెట్టు కింద నిలబడి, ఒకసారి మా ఇంటికి రమ్మని బతిమాలి వెళ్ళింది. చూద్దాంలే అంది రత్తాలు. వెళ్ళే ఉద్దేశమేమీ లేదు.

సింగయ్య దీపం మెట్టు మీద పెట్టి, చెమట తుడుచుకుని వెళ్ళిపోయాడు.

రోడ్డవతల అరుగు మీద అంద్రెయ లేచి నిలబడ్డాడు. ఈ మూడు రోజులూ పోలీసులొస్తారని సుత్తీ ఉలీ మూటగట్టుకుని కూర్చున్నాడు, ఎవరూ రాలేదు. ఇప్పుడు ఆ మూటలోంచి ఆకురాయి తీసుకుని రోడ్డు దాటాడు. మెట్టు దగ్గర ఆగిపోయాడు, నీడ పైన పడకుండా పక్కకి జరిగాడు.

"నోటితో చెప్పడం చేతకాలేదక్కా," అన్నాడు. "చేతనైంది చేశా."

రత్తాలు దీపం అడుగు తిప్పి తడుముతోంది. "ఏడు నెలలు నేను తిన్న కూడు నువ్వు తినలా. అది నేను మర్చిపోలేను, నువ్వూ మర్చిపోబాక."

"లేదక్కా. ఆ పేరు ఇట్టా ఇయ్యి, ఆకురాయితో రాకేస్తా. గంటలో ఆనవాలు లేకుండా చేస్తా."

ఆవిడ దీపాన్ని చటుక్కున ఒళ్ళోకి లాక్కుంది. "ముట్టుకోబాక."

"అదుంటే ఎవురు కొంటారక్కా?"

"ఇది అమ్మేది కాదు. గుమ్మానికి కడతా. వచ్చేవాళ్ళకి అడుగు కనపడేట్టు ఎత్తులో కడతా. ఇదెవరి పేరని ప్రతివాళ్ళూ అడగాల. అడిగినవాళ్ళందరికీ చెప్తా. ఆయనగారు కావాలని కొట్టించుకున్న పేరేగా, ఉండనీ."

అంద్రెయ ఆకురాయి మొలలో దోపుకున్నాడు. "పోనీ పక్కన నీ పేరు కొట్టనా?" అన్నాడు.

"నా పేరెందుకు? మూడొందల ఇళ్ళల్లో ఉందిగా."

లోపల్నించి ముక్కాలిపీట తెచ్చి గుమ్మంలో వేసింది. అది కుంటిది, ఎక్కితే ఊగుతుంది. పట్టుకోమని ఆవిడ అనలేదు. అంద్రెయ మెట్టెక్కి వచ్చి పీట కాళ్ళు రెండు చేతులా పట్టుకున్నాడు. రత్తాలు అతని మొహం చూడకుండానే పైకెక్కి, గొలుసు కొక్కేనికి తగిలించింది.